ప్రభుత్వ ఉద్యోగులకు ఆన్‌లైన్ శిక్షణ: ఎలా మొదలుపెట్టాలి

ఆన్‌లైన్ శిక్షణను ప్రవేశపెట్టదలచిన శాఖ సాఫ్ట్‌వేర్ కొనుగోలు గురించి ఆలోచించే ముందు, ఏ లోపం వల్ల ఫైళ్లు వెనక్కి వస్తున్నాయో, ప్రజల దరఖాస్తులు ఏ దశలో నిలిచిపోతున్నాయో పరిశీలించాలి. అలా తేలిన ఒక్క అంశాన్ని తీసుకుని, ఒకే విభాగంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టడం మేలు.

వేదిక, అంటే పాఠాలను ఉంచి నడిపే సాఫ్ట్‌వేర్, ఎంపిక అంత కష్టం కాదు. 2002లో విడుదలైన మూడుల్ వంటి ఓపెన్ సోర్స్ (మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉండే) వేదికను సొంత సర్వర్‌పైనే నడుపుకోవచ్చు. పాఠాలు వేర్వేరు వేదికలపై పనిచేసేందుకు ఉద్దేశించిన స్కార్మ్ అనే సాంకేతిక ప్రమాణంలో ఉండాలని ఒప్పందంలోనే రాసుకుంటే, రేపు వేదిక మారినా వాటిని మళ్లీ వాడుకోవచ్చు.

అసలు శ్రమంతా పాఠాల తయారీలోనే ఉంది. నిబంధనల పుస్తకాన్ని పీడీఎఫ్‌గా పెట్టి దానికి కోర్సు అని పేరు తగిలించడం శిక్షణ అనిపించుకోదు. పది నిమిషాల పాఠంలో ఒక నమూనా ఫైలును చూపి, దానిపై నిర్ణయాన్ని ఉద్యోగి చేతనే తీసుకొనేలా చేసి, తప్పు జరిగితే ఏ నిబంధన ప్రకారం తప్పో అక్కడికక్కడే వివరించాలి. నేర్చినది ఎంత త్వరగా మరుపున పడుతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే చూపాడు కాబట్టి, వారానికొకసారి, ఆపై నెలకొకసారి చిన్న ప్రశ్నలతో గుర్తుచేయాలి. వీడియోలకు ఉపశీర్షికలు, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్‌తో చదవగలిగే పాఠ్యం, నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట డౌన్‌లోడ్ సౌకర్యం తప్పనిసరి.

శిక్షణకు పనివేళల్లోనే సమయం కేటాయిస్తూ లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటికి వెళ్లాక చదువుకొమ్మంటే ఉద్యోగులు తెర తెరిచి వదిలేస్తారు, వారిని తప్పుపట్టనూ లేము.

సర్టిఫికెట్ల సంఖ్య ఫలితానికి కొలమానం కాదు. శిక్షణ ఫలితాన్ని అంచనా వేయడానికి అమెరికన్ ఆచార్యుడు డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ సూచించిన నాలుగు స్థాయిలలో చివరి రెండింటిని, అంటే పనితీరులో మార్పును, సంస్థకు కలిగిన ఫలితాన్ని, శిక్షణకు ముందు మూడు నెలల ఫైళ్లనూ తర్వాతి మూడు నెలల ఫైళ్లనూ పోల్చి తేల్చుకోవాలి.