చెనిక్కాయల పొడి నుంచి కుంపటి దాకా: మిషన్‌కు వెళ్లే సీమ పిల్లలకు జాగ్రత్తలు

అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం తరఫున చలిదేశానికి మిషన్‌కు, అంటే మతప్రచార సేవకు, వెళ్లేవాళ్లు సూట్‌కేసు బరువు గురించి పడే తిప్పలు ఇంకెందుకూ పడరు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. అన్నాళ్లలో పెట్టెలో మరిచిపోయిన వస్తువు పెద్దగా ఇబ్బంది పెట్టదు, అక్కడ కొనుక్కోవచ్చు. ఇబ్బంది పెట్టేది ఇక్కడ ఒంటబట్టిన అలవాటు.

మొదట పేరు సంగతి. మనకు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో ఇనీషియల్ ఒప్పుకోరు, విడదీసి రాయాలి. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మీ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, అసలు పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్టు, వీసా, పాస్‌పోర్టు ఒక్కలాగే ఉండాలి. చొక్కాకు పెట్టుకునే నల్ల బ్యాడ్జి మీద ఉండేదీ ఇంటిపేరే, కాబట్టి స్పెల్లింగు ఇప్పుడే తేల్చుకోండి. సేవ ముగిసే తేదీ దాటాక ఇంకో ఆరు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి.

దరఖాస్తులో పళ్ల పరీక్ష కూడా ఉంటుంది. జ్ఞానదంతాల సంగతి, పుచ్చుల సంగతి ఇక్కడే ముగించుకుని వెళ్లండి. అనంతపురం బోరునీళ్ల ఫ్లోరైడుకు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడినవాళ్లు అవి పుచ్చులు కావని డాక్టరు చేత ఫారంలో రాయించుకుంటే మంచిది. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేసుకున్నవాళ్లకు టీబీ చర్మపరీక్షలో జబ్బు లేకున్నా పాజిటివ్ రావచ్చు. రక్తపరీక్షకు ఆ చిక్కు లేదు, దాన్నే అడగండి.

ఇక తిండి. సీమ ఇంట్లో చెనిక్కాయలు లేని పూట ఉండదు: ఊరిమిండి, పొడి, కూరలో ముద్ద, ఉగ్గానిలో పప్పుల పొడితోపాటు నాలుగు గింజలు. అది ఒంటికి పడని మనిషిని మనలో చాలామంది చూసి ఉండరు. పడమటి దేశాల్లో ఆ అలర్జీ మామూలు, కొందరికి ప్రాణం మీదికే వస్తుంది. మిషన్‌లో మీరు ఒంటరిగా ఉండరు. మీతో జంటగా ఉండే తోటి మిషనరీని కంపానియన్ అంటారు; ఆ మనిషితో ఒకే గది, ఒకే వంటిల్లు, ఒకే మిక్సీ. అందుకే డబ్బా మూత తీయకముందే “నీకు చెనిక్కాయలు పడతాయా?” అని అడగండి. సుమారు ఆరు వారాలకోసారి బదిలీలు ఉంటాయి. కంపానియన్ మారిన ప్రతిసారీ మళ్లీ అడగాలి, పాత జవాబు పనికిరాదు.

పడదు అన్నారంటే ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ డబ్బా తెరవకండి. వేరే గరిటె పెట్టుకుంటే చాలనుకోవద్దు, మిక్సీ జారు రబ్బరు కింద ఇరుక్కున్న పొడి చాలు కొంప ముంచడానికి. చేతులకు శానిటైజర్ రాస్తే ఆ ప్రోటీన్ పోదు, సబ్బు, నీళ్లే దారి. పెదవులు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగిసి పిల్లికూతలు కనిపిస్తే మాత్రల కోసం వెతకొద్దు. ఎపిపెన్ (అలర్జీకి పొడిచే అడ్రినలిన్ సూది) ఉంటే తొడ బయటి వైపు పొడిచి వెంటనే ఫోన్ చేయాలి: అమెరికా, కెనడాల్లో 911, యూరప్‌లో 112. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి పోవాల్సిందే. మందు ప్రభావం దిగాక మళ్లీ తిరగబెట్టవచ్చు.

పొడులు తీసుకెళ్లేటట్టయితే సీలు వేసిన ప్యాకెట్లలో పెట్టి, కస్టమ్స్ ఫారంలో ఆహారం ఉందని రాయండి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దాస్తే అక్కడికక్కడే జరిమానా. పచ్చి కరివేపాకు ఎక్కడికీ వద్దు. దాని మీద బతికే పురుగు బత్తాయి, నారింజ తోటలకు తెగులు మోస్తుంది.

రోడ్డు దాటడం నేర్చిన పాఠమే అయినా అమెరికాలో, యూరప్‌లో చాలా చోట్ల తిరగరాసుకోవాలి. బండ్లు కుడివైపు నడుస్తాయి, మన మెడ మాత్రం అలవాటుగా ముందు కుడికే తిరుగుతుంది. దగ్గరి బండి వచ్చేది ఎడమ నుంచి. మొదటి నెల సిగ్నల్ ఉన్నచోటే దాటండి. సైకిల్ ఇస్తే హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు, సందు మలుపు తిరగగానే ఏ పక్కకు చేరుతున్నారో చూసుకోండి.

చలి గురించి రెండు ముక్కలు. కర్నూలులో కొన్న స్వెటర్ అక్కడి గాలికి ఆగదు, కోటు, బూట్లు ఆ దేశంలోనే కొనండి. ఇక్కడి నుంచి తీసుకెళ్లే నడక బూట్లను మాత్రం బయలుదేరే ముందు మూడు నాలుగు వారాలు రోజూ తొడిగి నడవండి, చెప్పులకు అలవాటైన మడమ కొత్త తోలుకు ఒక్క పూటలో బొబ్బలెక్కుతుంది. నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి, ఉన్నివి మేలు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి దిగితే సీసాలోనే గడ్డకడుతుంది, పగిలిన మడమలకు వాజెలిన్ పెట్టుకోండి. వేళ్లు తెల్లబడి స్పర్శ పోతే రుద్దకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. తెలియని వేలు కాలిపోయినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో ముంచి డాక్టరు దగ్గరికి పోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టొద్దు. మన ఇళ్లలో సందుల గుండా పోయే విషవాయువు అక్కడి బిగుతు గదుల్లో పోదు, వాసన కూడా ఉండదు. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో మొదటిరోజే చూడండి.

మెట్రోలో తలుపు మూసుకుని ఇద్దరూ విడిపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీదే నిలబడాలి, మిగిలినవాళ్లు వెనక బండిలో రావాలి. ఫోన్‌ను కోటు లోపలి జేబులో ఉంచండి, చలికి చార్జి చెప్పకుండా పడిపోతుంది. ఇంటి చిరునామా అక్కడి భాషలో రాసిన కాగితం విడిగా ఉండాలి.

ఇంట్లో అమ్మానాన్నలకు ఫోన్ వేళ కూడా చెప్పి వెళ్లండి. వారానికోసారి మాట్లాడే వీలు 2019 నుంచి ఉంది. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 8:30, నవంబర్‌లో అక్కడ గడియారం గంట వెనక్కి మార్చాక 9:30. ఈ సంగతి తెలియక ఆ వారం గంటసేపు కంగారుపడే ఇళ్లెన్నో.

మిషన్ నుంచి ఇంటికి పంపే వారం ఉత్తరాల్లో చిన్న చిన్న అద్భుతాలు రాస్తారు: పోయిందనుకున్న తాళంచెవి దొరకడం, ఎవరూ తలుపు తీయని వీధిలో చివరి ఇంటామె లోపలికి పిలవడం. రాయండి, ఆ రాత్రే డైరీలో వివరంగా పెట్టుకోండి. ఉత్తరంలో మాత్రం ఆమె పేరు, వీధి, కాపురంలో కష్టాలు, ఫొటో ఉండకూడదు. మీరు ఒకరికి పంపింది బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో సాయంత్రానికే తిరుగుతుంది. అడగకుండా ఫార్వర్డ్ చేయొద్దని ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పండి.