లాటినో కుటుంబానికి ఇమ్మిగ్రేషన్ చిక్కు వస్తే ఉచిత న్యాయ సహాయం ఎలా వెతకాలి?

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్, ఎల్ సాల్వడార్ కుటుంబాలతో పరిచయం మామూలే. పిల్లల బడిలోనో, రెస్టారెంటు వంటింట్లోనో, పక్క అపార్ట్‌మెంటులోనో కలుస్తూనే ఉంటారు. వాళ్లలో ఒకరు ఇమ్మిగ్రేషన్ కోర్టు నోటీసు పట్టుకుని మీ దగ్గరికి వస్తే మీరు చేయగలిగింది చాలానే ఉంది. క్రిమినల్ కేసులో లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు ప్రభుత్వమే ఒకరిని ఇస్తుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో అలా ఇవ్వదు. అందుకే ఉచితంగానో, తక్కువ ఫీజుకో కేసులు చూసే సంస్థలే చాలామందికి దిక్కు.

1. ముందు వాయిదా ఎప్పుడో చూడండి

నోటీసు మీద ఇంగ్లీషు ‘ఏ’ (A) అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. 1-800-898-7180కి ఫోన్ చేసి ఆ అంకెలు నొక్కితే తర్వాతి వాయిదా ఎప్పుడో చెబుతుంది, స్పానిష్‌లో కూడా. ఎనిమిది అంకెలే ఉంటే ముందు సున్నా కలపాలి. కాగితం మీద తేదీ రాసి ఉన్నా ఫోన్ చేసి సరిచూడండి, తేదీలు మారుతుంటాయి. వాయిదాకు వెళ్లకపోతే, మనిషి ఎదురుగా లేకుండానే జడ్జి డిపోర్టేషన్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని రద్దు చేయించుకోవడం చాలా కష్టం. ఇల్లు మారితే కోర్టుకు 5 రోజుల్లో, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ విభాగం యూఎస్‌సీఐఎస్‌కు 10 రోజుల్లో విడివిడిగా తెలపాలి. ఒకచోట చెప్పింది రెండోచోటికి దానంతటది చేరదు.

2. ఎవరి చేతిలో కాగితాలు పెట్టవచ్చు?

రెండు రకాల వారి చేతిలోనే పెట్టండి. ఒకరు లైసెన్సు ఉన్న లాయరు. పేరు ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రెండోవారు న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధి. వీళ్లు లాయర్లు కాకపోయినా, గుర్తింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలో పనిచేస్తూ కేసులు చూస్తారు. పూర్తి గుర్తింపు ఉంటే కోర్టులో కూడా వాదించగలరు, పాక్షిక గుర్తింపు ఉంటే వాదించలేరు.

‘నోటారియో’ బోర్డు కనిపిస్తే దూరంగా ఉండమని గట్టిగా చెప్పండి. లాటిన్ అమెరికాలో నోటారియో అంటే హోదా ఉన్న న్యాయనిపుణుడు. అమెరికాలో నోటరీకి సంతకాన్ని ధ్రువీకరించడం తప్ప ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చే అధికారం లేదు. ఆ నమ్మకాన్నే సొమ్ము చేసుకునే దళారులు ఉన్నారు. డబ్బు పోవడం ఒక ఎత్తు, అర్హత లేని అప్లికేషన్ వేయించి ఆ కుటుంబాన్ని డిపోర్టేషన్ కేసులోకి నెట్టడం మరో ఎత్తు.

3. సంస్థ కోసం వెతకండి

ఇమ్మిగ్రేషన్ కోర్టులను నడిపే ఈఓఐఆర్ తన వెబ్‌సైట్‌లో ఉచిత సేవల సంస్థల జాబితాను రాష్ట్రాలవారీగా పెడుతుంది. లాస్ ఏంజెలెస్‌లో 1986లో మొదలైన చిర్లా, సాల్వడార్ శరణార్థులు 1983లో పెట్టుకున్న కారెసెన్, టెక్సస్‌లో రైసెస్, మేరీలాండ్‌లో కాసా ఇలాంటివే. చాలా ఊళ్లలో క్యాథలిక్ చారిటీస్ ఉంటుంది. లీగల్ ఎయిడ్ ఆఫీసులన్నీ ఒకటి కావు. లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అనే ఫెడరల్ నిధుల సంస్థ డబ్బుతో నడిచేవి, గృహహింస బాధితుల వంటి కొందరిని మినహాయిస్తే, పత్రాలు లేనివారి కేసులు తీసుకోలేవు. అక్కడ కాదన్నారని ఆగిపోవద్దు.

ఒక్క చోటే పేరు రాయించి కూర్చోవద్దు, నాలుగైదు చోట్ల అడగండి. ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు దాటిపోవచ్చు: శరణు కోరాలంటే మామూలుగా దేశంలోకి వచ్చిన ఏడాదిలోపే దరఖాస్తు వేయాలి.

4. అపాయింట్‌మెంటుకు సిద్ధం చేయండి

పాస్‌పోర్టులు, జనన పత్రాలు, కోర్టు కాగితాలు, పాత దరఖాస్తులు, అరెస్టుల రికార్డు అన్నీ జిరాక్స్ తీయించండి. పాత డిపోర్టేషన్ ఉంటే దాచకుండా చెప్పాలి.

భాష సంగతి ఫోన్‌లోనే తేల్చుకోండి. గ్వాటెమాలా నుంచి వచ్చినవారందరికీ స్పానిష్ రాదు. మామ్, కిచే అనే అక్కడి మాయా భాషలు మాట్లాడేవారు చాలామంది. స్పానిష్ దుబాసీని పెడితే తల ఊపుతారు గానీ సగం అర్థం కాదు. ఇంటి పిల్లల్ని దుబాసీలుగా కూర్చోబెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. భర్త కొట్టిన సంగతో, దారిలో జరిగిన అఘాయిత్యమో ఏ తల్లీ పదేళ్ల కూతురి నోటితో చెప్పించలేదు. కేసును నిలబెట్టేది ఒక్కోసారి ఆ సంగతే. అమెరికాలో కొన్ని రకాల నేరాలకు గురై పోలీసులకు సహకరించినవారికి యూ వీసా ఉంది, గృహహింస బాధితులకు వేరే దారులు ఉన్నాయి.

కన్సల్టేషన్ ఇచ్చినంత మాత్రాన కేసు తీసుకున్నట్టు కాదు. రాతపూర్వక ఒప్పందం, దాఖలు చేసిన ప్రతి కాగితం నకలు, కట్టిన డబ్బుకు రశీదు అడిగి తీసుకోమనండి.

5. ఇంటి ఏర్పాట్లు

తల్లిదండ్రుల్ని పట్టుకెళితే బడి నుంచి పిల్లల్ని ఎవరు తెస్తారో ముందే అనుకుని, ఆ పేరు బడిలో రాయించాలి. సంరక్షకుడి పత్రాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, సంస్థనే అడగండి. పత్రాలు లేవని ప్రభుత్వ బడి పిల్లల్ని కాదనకూడదు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పట్టుకెళ్లిన మనిషిని, ఇమ్మిగ్రేషన్ అరెస్టులు చేసే ఐస్ (ICE) విభాగం ఆన్‌లైన్ లొకేటర్‌లో ‘ఏ’ నంబరు, పుట్టిన దేశం ఇచ్చి వెతకవచ్చు. అందుకే ఆ నంబరు ఇంట్లో మరొకరి దగ్గరా ఉండాలి.

ఏ ఫారం వేయాలో మాత్రం మీరు చెప్పవద్దు, నింపి ఇవ్వవద్దు. లైసెన్సు లేకుండా న్యాయ సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం. పైగా మీ తప్పుకు శిక్ష ఆ కుటుంబానికి పడుతుంది. కారులో కోర్టుకు తీసుకెళ్లడం, వాయిదా రోజు పిల్లల్ని చూసుకోవడం, హోల్డ్‌లో పెట్టిన ఫోన్ దగ్గర గంటసేపు కూర్చోవడం మీరు చేయొచ్చు. పనికి సెలవు పెడితే ఆ రోజు కూలి పోయే మనిషికి అదే పెద్ద సాయం.