సెల్ఫ్ కొట్టినా అందుకోని పాత వ్యాను: లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

పాత వ్యాను పొద్దున్నే స్టార్ట్ కాకపోతే చాలామంది ముందుగా బ్యాటరీ మార్చేస్తారు. పెద జాలరిపేటలో సముద్రానికి రెండు వీధుల అవతల ఉండే నేను కూడా నా మారుతి ఓమ్నీకి ఒక వానాకాలంలో అదే పని చేశాను. కొత్త బ్యాటరీ వేసిన పదో రోజుకే బండి మళ్లీ మొరాయించింది. అసలు లోపం ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండి కరెంటును బ్యాటరీకి తిరిగి చేర్చే ఎర్త్ పట్టీలో ఉందని తరువాత తేలింది. ఉప్పుగాలి సోకే విశాఖపట్నంలో ఏ సామాను కొనడానికైనా ముందు పరీక్ష చేసుకోవడం అవసరమని అప్పటి నుంచి నమ్ముతున్నాను. ఆ పరీక్షలను నేను చేసే వరుసలోనే, ముఖ్యంగా కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఉన్న పెట్రోలు వ్యానును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బండిని గాలి ఆడే చోట నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చేతికున్న ఉంగరాలు, గాజులు తీసివేయండి. సెల్ఫ్‌ను ఒక్కసారికి 10 సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి. లేకపోతే లోపం దొరికేలోగా సెల్ఫ్ మోటారు కాలిపోవచ్చు.

మొదటి అడుగు: చెవి పెట్టి వినండి

తాళం తిప్పినప్పుడు "టక్" మని ఆగిపోతోందా, ఇంజను బరువుగా మూలుగుతూ తిరుగుతోందా, లేక చురుగ్గా తిరుగుతూనే అందుకోవడం లేదా అన్నది గమనించండి. మొదటి రెండూ కరెంటు వైపు లోపాలు. మూడోది స్పార్కు, పెట్రోలు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) - వీటిలో ఏదో ఒకదాని లోపం. రెండో గేరులో తోస్తే వెంటనే అందుకునే బండికి ఇంధనం బాగానే అందుతున్నట్టు లెక్క కనుక, బ్యాటరీ, సెల్ఫ్, వాటి వైర్ల మీద దృష్టి పెడితే చాలు. ఇబ్బంది చల్లటి ఇంజనుకా, వేడెక్కిన ఇంజనుకా అన్నది కూడా ఒక కాగితం మీద రాసుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఆ కాగితం పనికొస్తుంది.

రెండో అడుగు: బ్యాటరీ, ఎర్త్

రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి, 12.0కు దిగిందంటే అది దాదాపు ఖాళీ అయినట్టే. మరొకరు సెల్ఫ్ కొడుతుండగా చూస్తే 9.6 కంటే తగ్గకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపకపోతే, బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్‌నే అనుమానించాలి.

ఈ అంకెలన్నీ సరిగా ఉండి కూడా ఇంజను మూలుగుతుంటే, చాలామంది చేయని పరీక్ష ఒకటి ఉంది. మీటరు ఎర్రటి కొసను ఇంజను లోహానికీ, నల్లటి కొసను బ్యాటరీ మైనస్ కడ్డీకీ ఆనించి సెల్ఫ్ కొట్టించండి. ఎర్త్ బాగుంటే 0.2 వోల్టులు దాటదు. నా ఓమ్నీలో 1.4 చూపింది. ఎర్త్ పట్టీ నట్టు పైకి మెరుస్తూ బిగువుగానే ఉంది గాని, విప్పి చూస్తే లగ్గు (పట్టీ కొసన ఉండే లోహపు బిళ్ల) వెనుక పచ్చటి చిలుము పొరలా పేరుకుని, రాగి పోగులు వేలితో నలిపితే పొడిగా రాలాయి. మీటరు లేనివారు జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను లోహానికి నేరుగా తగిలించి సెల్ఫ్ కొట్టవచ్చు. ఇంజను ఒక్కసారిగా చురుగ్గా తిరిగితే దొంగ దొరికినట్టే.

టెర్మినళ్లు విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. తెల్లటి పొడి పట్టిన చోట వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో, ఆ నీరు బ్యాటరీ లోపలికి దిగకుండా కడిగి, ఆరాక బిగించి, పైన వాజలైన్ రాయండి.

మూడో అడుగు: స్పార్కు

ప్లగ్గు విప్పి, పెట్రోలు తడి లేకుండా తుడిచి, వైరుకు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు గట్టిగా ఆనించి సెల్ఫ్ కొట్టించండి. వైరును చేత్తో పట్టుకోకండి. విప్పిన ప్లగ్గు రంధ్రం దగ్గర స్పార్కు పడకుండా చూడండి. నీలిరంగులో చిటపటలాడే స్పార్కు మంచిది. పసుపుగా, పలచగా ఉంటే కాయిల్, పాయింట్లు, కండెన్సర్, వైర్లు వరుసగా చూడాలి. వానాకాలంలో మాత్రం ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీయండి. లోపల చెమ్మ ఉంటే పొడి నూలుగుడ్డతో తుడిస్తే చాలు గాని, పెన్సిలుతో గీసినట్టు సన్నటి నల్లటి చార కనిపిస్తే కరెంటు ఆ దారిన పారిపోతోందని అర్థం, మూత మార్చాల్సిందే.

నాలుగో అడుగు: పెట్రోలు

ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజను ఆపి ఉంచి, యాక్సిలరేటర్ కేబుల్‌ను చేత్తో లాగుతూ కార్బురేటర్ లోపలికి చూడండి. సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మకపోతే ఫిల్టరు, ఫీడ్ పంపు, పగిలిన రబ్బరు పైపు చూడాలి. నాలుగైదు రోజులు కదలని బండి మాత్రమే ఎక్కువసేపు సెల్ఫ్ తీసుకుంటే, పెట్రోలు వెనక్కి జారిపోతోందనో, కార్బురేటర్‌లోంచి ఆవిరైపోయిందనో అనుకోవచ్చు.

మన ఊళ్లో చలే లేదు, కార్బురేటర్‌లోకి గాలిని తగ్గించే చోక్ ఎందుకని కొందరు దాన్ని వదిలేస్తారు. ఇది పొరపాటు: 20 డిగ్రీల దగ్గర కూడా చల్లటి కార్బురేటర్ ఇంజనుకు చోక్ కావాలి. లివరు లాగినప్పుడు పలక పూర్తిగా మూసుకుంటోందా అని కంటితో చూడండి. తుప్పు పట్టిన కేబుల్ బయట కదిలినా లోపల పలకను కదపదు. పెట్రోలు వాసన గుప్పుమంటూ ప్లగ్గులు తడిసి ఉంటే, చోక్ పలక పూర్తిగా తెరుచుకునేలా లివరును లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి.

మే నెల ఎండలో సింహాచలం కొండ ఎక్కి, బండి ఆపిన పావుగంటకు అందుకోకపోతే అది వేరే సంగతి. ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కనుక వేడి బయటికి పోదు. పైపులో పెట్రోలు ఆవిరిగా మారుతుంది. ఫీడ్ పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే అందుకుంటే కారణం అదే. అందుకోకపోతే, వేడి మీదే స్పార్కు పరీక్షించండి. వేడెక్కిన కాయిల్ నీరసిస్తుంది.

ఇంజెక్షన్ బండిలో తాళం ఆన్ చేయగానే ట్యాంకు వైపు రెండు సెకన్లు సన్నటి మోత వినిపించాలి; వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడాలి. డీజిల్ వ్యానులో సెల్ఫ్ కొట్టినప్పుడు తెల్లటి పొగ వస్తే డీజిల్ అందుతున్నా మండడం లేదు కనుక హీటర్ ప్లగ్గులు చూడాలి. లంబసింగి చలిలో ఈ లోపం ముందే బయటపడుతుంది. పొగే రాకపోతే పైపులో గాలి చేరిందేమో చూసి, చేతి పంపుతో తీసివేయండి.

ఆఖరి అడుగు: కంప్రెషన్

అన్నీ బాగున్నా అందుకోకపోతే కంప్రెషన్ కొలిపించండి. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే పెరిగిందనుకోండి, రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు. ఎల్‌పీజీ మీద ఏళ్ల తరబడి నడిచిన వ్యాన్లలో వాల్వు సీట్లు అరిగి ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గిపోవడం మామూలే కనుక, హెడ్ దించమని చెప్పే ముందు ట్యాపెట్లు సరిచేయించి, మరోసారి కొలిపించండి.