చూసిన వీడియోనే మళ్లీ చూసినా గుర్తుండకపోతే: పనిచేసిన పద్ధతి

గ్రూప్-2 పాలిటీ వీడియో మూడుసార్లు చూసినా ఐదు రిట్ల (హక్కుల రక్షణకు కోర్టులిచ్చే ఆదేశాల) పేర్లు అడిగితే రెండు దగ్గరే ఆగిపోతాం. లోపం జ్ఞాపకశక్తిది కాదు. రెండోసారి చూస్తుంటే ప్రతి మాటా తెలిసినట్టే ఉంటుంది. ఆ పరిచయాన్నే 'వచ్చేసింది' అనుకుంటాం. గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు.

మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఐదు నిమిషాలకు అడిగితే, పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారానికి తారుమారైంది: ఒకసారి చదివి, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే.

అందుకే వీడియో ఒక్కసారే. పది నిమిషాలకోసారి ఆపి, ఫోన్ బోర్లించి, తెల్లకాగితం మీద ఐదు నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి. తర్వాతే సరిచూసి, వదిలేసినవి ఎర్రపెన్నుతో చేర్చాలి. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు మళ్లీ ఖాళీ కాగితమే. వీడియో నడుస్తుండగా రాస్తే అది డిక్టేషన్, లాభం లేదు. మూడు విడతలూ ఒకే సాయంత్రం ముగించినా అంతే. కాస్త మరిచాక కష్టపడి తెచ్చుకుంటేనే నిలుస్తుంది. రిట్ల అధికారమిచ్చే ఆర్టికల్ 32 (సుప్రీంకోర్టుకు), 226 (హైకోర్టుకు) లాంటి జంటలను పక్కపక్కనే రాయండి, తికమక అక్కడే.

రీల్స్‌తో ఇంకో ప్రమాదం. పదేపదే విన్న తప్పు నిజంలా తోస్తుందని 1977లోనే ప్రయోగంలో తేలింది. ఆర్టికల్ నంబరు ఏది విన్నా, రెండోసారి వినకముందే రాజ్యాంగ ప్రతిలో చూసుకోండి.