ఫ్రంట్ వీల్ డ్రైవ్ రేసింగ్, 3వ పాఠం: బ్రేకు వదలడం

కిందటి రెండు పాఠాల్లో పెడల్స్ సరిచేసుకోవడం, స్టీరింగ్ నిటారుగా ఉంచి గట్టిగా బ్రేకు వేయడం చూశాం. చక్రాలు లాక్ కాకుండా ప్రతి ల్యాపులోనూ ఒకే చోట బ్రేకు పట్టగలుగుతుంటే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకా కుదరకపోతే మరికొన్నాళ్లు దానిమీదే ఉండండి. తొందరేమీ లేదు.

ఈసారి ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసింగ్ సిమ్యులేటర్‌లో టీసీఆర్ కారు (మామూలు కార్ల నుంచి తయారుచేసిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ రేసు కారు) తీసుకుందాం. ఆడి ఆర్ఎస్3 అయినా, హోండా సివిక్ అయినా, హ్యుందాయ్ ఎలాంట్రా అయినా సరే. ట్రాక్ కాలిఫోర్నియాలోని లగూనా సెకా. టీసీఆర్ కారుకు రెండు లీటర్ల టర్బో ఇంజిన్, దాదాపు 350 హార్స్‌పవర్. ఆ శక్తంతా ముందు చక్రాలకే పోతుంది. ఇంజినూ గేర్‌బాక్సూ కూడా ముందే ఉండటంతో కారు బరువులో పెద్ద వాటా ముందు టైర్ల మీదే పడుతుంది. అంటే కారును తిప్పాల్సిందీ, ముందుకు లాగాల్సిందీ, బ్రేకు భారం ఎక్కువగా మోయాల్సిందీ ఆ రెండు టైర్లే. వెనక టైర్లకు పెద్దగా పని ఉండదు. మలుపులో లోపలివైపు వెనక చక్రం గాల్లోకి లేచిన టీసీఆర్ ఫొటోలు చూసే ఉంటారు. కారు పాడై అలా లేవదు, కావాలనే అలా సెట్ చేస్తారు.

మన ఊళ్లలో తిరిగే స్విఫ్ట్, ఐ20 కూడా ముందు చక్రాల కార్లే. కానీ రోడ్డు కారులో వెనక భాగం ఎప్పుడూ జారకుండా, పొరపాటున జారితే ముందు భాగమే జారేలా చూస్తారు. మామూలు డ్రైవరుకు అదే క్షేమం. రేసు కారులో వెనక భాగాన్ని బిగువుగా ఉంచి, అది కాస్త కదిలి కారును తిప్పేలా సెట్ చేస్తారు. ఆ కదలికను పుట్టించేది మీ బ్రేకు కాలు. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఇదే.

కొత్తవాళ్లు చేసేది దాదాపు ఒకటే. మలుపు దగ్గర బ్రేకు వేస్తారు, కాలు ఒక్కసారిగా తీసేస్తారు, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పుతారు. కాలు తీయగానే కారు ముక్కు పైకి లేస్తుంది. ముందు టైర్ల మీది బరువు తగ్గుతుంది, దానితోపాటు గ్రిప్పూ తగ్గుతుంది. కారు తిరగదు. అప్పుడు స్టీరింగ్ ఇంకాస్త తిప్పుతారు. అప్పటికే పట్టు వదిలిన టైరును ఎక్కువ తిప్పితే అది వేడెక్కుతుంది, అరుగుతుంది, అంతే. మీ వీల్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (టైర్ల పట్టును చేతికి తెలిపే మోటారు) ఉంటే ఆ క్షణంలో స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికవుతుంది. ఆ తేలికదనం తగిలినప్పుడు స్టీరింగ్ కొంచెం వెనక్కి తిప్పండి. భయంగా ఉంటుంది కానీ పట్టు తిరిగి వస్తుంది.

ఇప్పుడు రెండో మలుపు, ఆండ్రెట్టి హెయిర్‌పిన్‌కు రండి. పొడవాటి ఎడమ మలుపు, అపెక్స్‌లు (కారు మలుపు లోపలి అంచుకు బాగా దగ్గరగా వచ్చే చోట్లు) రెండు. మొదట నిటారుగా గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టగానే బ్రేకును వదలడమూ మొదలుపెట్టండి. స్టీరింగ్ ఎంత తిరిగితే బ్రేకు అంత తగ్గాలి. మొదటి అపెక్స్ దాకా కాలు పెడల్‌ను తాకుతూనే ఉండాలి. దీన్నే ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. సరిగ్గా వస్తే స్టీరింగ్ అదనంగా తిప్పకుండానే వెనక భాగం బయటికి జరిగి, ముక్కు లోపలికి చూస్తుంది. బ్రేకు ఎక్కువసేపు గట్టిగా పట్టి ఉంచితే వెనక భాగం పూర్తిగా తేలిపోయి కారు గిరగిరా తిరుగుతుంది. ఈ రెంటి మధ్య చోటు చాలా సన్నం. దాన్ని మీ కాలే వెతుక్కోవాలి, చదివితే రాదు.

రెండు అపెక్స్‌ల మధ్య ఓపిక పట్టండి. ఇక్కడే ఎక్కువమంది యాక్సిలరేటర్ తొక్కి కారును బయటికి తోసేసుకుంటారు. స్టీరింగ్‌ను తిరిగి నిటారు చేయడం మొదలయ్యాకే పవర్ ఇవ్వండి. అప్పుడు డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు ముందు చక్రాలకు పంచే భాగం) ముక్కును లోపలికి లాగుతుంది. వెనక చక్రాల కారుకు లేని సుఖం ఇది.

కార్క్‌స్క్రూ (నిటారుగా కిందికి దిగే ఎడమ, కుడి మలుపుల జంట) దిగాక వచ్చే తొమ్మిదో మలుపు, రెయినీ కర్వ్, మరో రకం పరీక్ష. ఎడమవైపు మలుపు, రోడ్డు కిందికి దిగుతూ ఉంటుంది. వాలు వల్ల బరువు అప్పటికే ముందుకు వచ్చి ఉంటుంది. మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేశారో, వెనక భాగం తటాలున జారుతుంది. జారితే బ్రేకు జోలికి పోకండి. స్టీరింగ్‌ను మీరు వెళ్లాల్సిన దిక్కుకు పెట్టి యాక్సిలరేటర్ తొక్కండి. ముందు చక్రాలు కారును లాగి నిటారు చేస్తాయి. మనసు వద్దంటుంది కాబట్టి దీన్ని టెస్ట్ సెషన్‌లో ఎవరూ లేనప్పుడు కావాలనే చేసి చూడాలి. రేసులో మొదటిసారి చేద్దామంటే కాలు కదలదు.

ఒక హెచ్చరిక. మొదటి ల్యాపుల్లో ముందు టైర్లు త్వరగా వేడెక్కుతాయి, వెనకవి చల్లగానే ఉంటాయి. అప్పుడు పైన చెప్పిన బ్రేకింగ్ సగమే చేయండి. రేసు మొదట్లో టీసీఆర్ కార్లు గోడకు తగలడానికి ఈ చల్లటి వెనక టైర్లే పెద్ద కారణం.

బ్రేక్ బయాస్‌ను, అంటే బ్రేకు బలాన్ని ముందు, వెనక చక్రాల మధ్య పంచే సెట్టింగును, ఈ వారం ముట్టుకోవద్దు. కారు తిరగడం లేదని దాన్ని వెనక్కి జరిపితే ఉపశమనం దొరుకుతుంది, కానీ కాలు నేర్చుకోవడం ఆగిపోతుంది.

అభ్యాసం: ఒక్కడే ఉండే సెషన్‌లో పది ల్యాపులు తిప్పండి. ల్యాప్ టైమ్ చూడకండి. రిప్లేలో రెండో మలుపు మాత్రమే చూస్తూ, బ్రేకు ఎంత తొక్కారో చూపే గీత కిందికి ఏటవాలుగా దిగుతోందా, ఒక్కసారిగా పడిపోతోందా అన్నది గమనించండి. లగూనాలో ఎడమ మలుపులే ఎక్కువ కాబట్టి చివర్లో కుడి ముందు టైరు ఎంత వేడెక్కిందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ టైరును రేసు చివరిదాకా ఎలా కాపాడుకోవాలో చూసేటప్పుడు ఆ అంకెలు కావాలి.