మెమరీ టైమింగ్ జోలికి వెళ్లే ముందు

సొంతంగా చేసుకున్న హ్యాండ్‌హెల్డ్ బోర్డు ఒకసారి బూట్ అయి, మరోసారి మధ్యలో ఆగిపోతుంటే చెయ్యి ముందు టైమింగ్ విలువల (మెమరీ చిప్ ఒక్కో పనికి ఎంతసేపు ఆగాలో చెప్పే అంకెలు) మీదికే పోతుంది. కాస్త ఆగండి.

• ఇప్పుడున్న బూట్‌లోడర్‌ని (బోర్డు ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం), దాని సెట్టింగులని కాపీ తీసి పెట్టుకోండి.

• ముఖ్యమైన ఫైళ్లున్న ఎస్‌డీ కార్డు తీసేసి, పోయినా ఫర్వాలేదనుకునే కార్డు పెట్టండి. మెమరీలో ఒక్క బిట్ తారుమారైనా బోర్డు ఆ చెత్తని నేరుగా కార్డులోకి రాసేయొచ్చు. నేను ఒక కార్డు అలాగే పోగొట్టుకున్నాను.

• సీరియల్ కేబుల్ (బోర్డు పంపే సందేశాలని కంప్యూటర్‌లో చూడటానికి) వోల్టేజీ చూసుకోండి. 3.3 వోల్టుల పిన్నుకు 5 వోల్టులు తగిలిస్తే టైమింగ్ టెన్షనే ఉండదు, బోర్డే ఉండదు!

• మెమరీ చిప్ దగ్గరే వోల్టేజీ కొలవండి. డీడీఆర్3ఎల్‌కి (తక్కువ వోల్టేజీ రకం మెమరీ) 1.35 వోల్టులు, మామూలు డీడీఆర్3కి 1.5 ఉండాలి. జెడ్‌క్యూ పిన్ (చిప్ తన సిగ్నళ్ల బలాన్ని సరిచూసుకునే పిన్) దగ్గర 240 ఓమ్‌ల రెసిస్టర్ సరిగ్గా అతుక్కుందో లేదో భూతద్దంతో చూడండి. నా అనుభవంలో సగం టైమింగ్ సమస్యలు టంకం సమస్యలే.

• చిప్ మీద ముద్రించిన పార్ట్ నంబరుకి చెందిన డేటాషీటే (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరవండి. దగ్గరి నంబరుది పనికిరాదు.

• మొదట మెమరీ క్లాక్ (వేగం) తగ్గించి చూడండి. అప్పుడు నిలకడగా నడిస్తే అనుమానం టైమింగ్ మీదికో, ట్రాకుల (బోర్డు మీది రాగి దారులు) మీదికో వెళుతుంది.

• ఒకసారికి ఒక్క విలువే మార్చండి, కాగితం మీద రాసుకోండి.

• మెమరీ పరీక్ష బోర్డు వేడెక్కాక కూడా నడపండి. చిప్ వేడి 85 డిగ్రీల సెల్సియస్ దాటితే రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా మెమరీని మళ్లీ మళ్లీ నింపడం) రెండింతలు తరచుగా జరగాలి: 7.8 మైక్రోసెకన్లకు బదులు 3.9కి ఒకసారి.