రిటైరయ్యాక సొంతంగా కాంట్రాక్టు పనులు మొదలుపెట్టేవాళ్లకి

ముందు మీ రేటు తేల్చుకోండి. పాత జీతాన్ని గంటలకు భాగించి అదే అడిగితే నష్టపోతారు, ఎందుకంటే సెలవులు, ఇన్సూరెన్సు, పన్ను ఇప్పుడు మీరే చూసుకోవాలి, పైగా పని వెతకడానికీ బిల్లులు రాయడానికీ పోయే గంటలకు ఎవరూ డబ్బివ్వరు. వయసు చూసి బేరమాడేవాళ్లు ఉంటారు, తగ్గకండి, వాళ్లకి కావలసింది మీ అనుభవమే.

మొదటి పని కోసం పాత సహోద్యోగులకి మొహమాటపడకుండా ఫోన్ చేయండి. ఎంత తెలిసినవాళ్లయినా సరే, ఏ పని చేయాలి, ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతారు, డబ్బు ఏ తేదీకి ఇవ్వాలి అన్నది రాతలో ఉండాలి, కొంత అడ్వాన్సు కూడా తీసుకోండి. డబ్బు వచ్చిన ప్రతిసారీ పన్నుకి కట్టాల్సింది వేరే ఖాతాలో వేసేయండి. దాచుకున్న రిటైర్మెంట్ డబ్బు మాత్రం దయచేసి ఇందులో పెట్టొద్దు, పోతే మళ్లీ కూడబెట్టే టైమ్ తక్కువ. ఒకే క్లయింటు మీద ఆధారపడొద్దు.